హాలోవీన్‌కి పిల్లల్ని ఏ వీధికి తీసుకెళ్లాలి?

హాలోవీన్‌కి పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడుగుతారు. అమెరికాలో ఉంటే అక్టోబర్ 31కి ఒకట్రెండు రోజుల ముందే, చీకటి పడ్డాక కారులో ఓ చుట్టు తిరిగి చూడండి. పగలు చూస్తే వీధి దీపాలు ఎక్కడ లేవో తెలియదు. అలంకరణలు ఎక్కువున్న వీధిలో చాక్లెట్లు ఇచ్చే ఇళ్లూ ఎక్కువే. పెద్ద పెద్ద లాట్ల ఖరీదైన కాలనీలు చూడ్డానికే బాగుంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య దూరానికే చిన్నపిల్లల కాళ్లు పడిపోతాయి. టౌన్‌హోమ్‌లు, దగ్గర దగ్గర ఇళ్లు, రెండు వైపులా సైడ్‌వాక్, దారి అక్కడితో ఆగిపోయే కల్-డి-సాక్ ఉంటే మేలు. సైడ్‌వాక్ లేకపోతే పిల్లలు రోడ్డు మీదే నడవాలి, నల్ల కాస్ట్యూమ్ డ్రైవర్లకు ఆనదు.

పిల్లలు ఇంటింటికీ తిరిగే టైమింగ్స్ సిటీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఒహాయో లాంటి చోట్ల చాలా ఊళ్లు రోజు, గంటలు ముందే ప్రకటిస్తాయి, అది 31 కాకపోవచ్చు కూడా. పోర్చ్ లైట్ ఆర్పి ఉంటే ఆ తలుపు తట్టకూడదు. ఫుడ్ ఎలర్జీ ఉన్న పిల్లలుంటే నీలి-ఆకుపచ్చ గుమ్మడికాయ పెట్టిన ఇళ్లు చూడండి, అక్కడ తినుబండారాలు కాని చిన్న బొమ్మలు, స్టిక్కర్లు కూడా ఇస్తారు. శాకాహారులైతే ఇంటికొచ్చాక సంచీ వెతకాలి: స్టార్‌బర్స్ట్ క్యాండీలో, చాలా గమ్మీల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.