తెల్ల కొంగ తెల్లగా రావాలంటే

మొన్న గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు గట్టున ఓ కుర్రాడు కెమెరా చూసుకుని తల పట్టుకున్నాడు. గాల్లోకి లేచిన గూడబాతులన్నీ నల్లటి నీడల్లా వచ్చాయట. చెట్టు మీది కొంగలేమో సున్నం కొట్టినట్టు తెల్లటి ముద్దలు. కెమెరా పాడైందేమో అనుకున్నాడు పాపం.

కెమెరా తప్పేం లేదండీ. దానికి పక్షి రంగు తెలియదు, ఫ్రేములో వెలుతురు సగటు చూసి మధ్యస్థంగా సర్దుతుంది. వెనక ఆకాశం ఉంటే మొత్తం తగ్గించేస్తుంది, పక్షి నల్లబడుతుంది. వెనక తుమ్మచెట్ల చీకటి ఉంటే పెంచేస్తుంది, ఈకలు మాడిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుతురుని మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) మొదటిదానికి +1, రెండోదానికి -1 దగ్గర మొదలుపెట్టండి.

ఎండ నిలకడగా ఉంటే నేను అదీ చేయను. మాన్యువల్‌లో (అన్నీ మనమే పెట్టుకునే మోడ్) షట్టర్ వేగం 1/1600 సెకను, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 6.3 పెట్టి, ఎండ పడుతున్న కొంగ మీద తెల్ల ఈకల గీతలు కనబడేదాకా ఐఎస్ఓ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలో సర్దే అంకె) సర్దుకుంటాను. ఇక ముట్టుకోను. పక్షి ఆకాశం మీదికి వెళ్లినా, చెట్ల ముందుకొచ్చినా దాని మీద పడే ఎండ అదేగా! మబ్బు పడితే మాత్రం మళ్లీ సర్దాలి. అనుమానముంటే కాస్త తక్కువ వెలుతురే మేలు: నీడని రా (RAW, కెమెరా మార్చకుండా దాచే) ఫైల్లో కొంత వెలుగులోకి లాగొచ్చు, పూర్తిగా మాడిన తెలుపు తిరిగిరాదు.

ఎండ ముదిరాక నీటి మీద గాలి అలలాడుతుంది. అప్పుడు ఎంత ఖరీదు లెన్సైనా ఫొటో మసకే. ఇంటికెళ్లి ఇడ్లీ తినండి.