మోర్లీ ర్యాంకు తేడాగా వస్తోందా? ముందు ఏ మోడల్లో లెక్కేస్తున్నారో చూడండి

మోర్లీ ర్యాంకు అంటే ఫార్ములాతో డిఫైన్ చేసిన సెట్టు ఎంత పెద్దదో చెప్పే కొలత: ఫైనైట్ అయితే 0, ర్యాంకు 0 ముక్కలు ఒకదాన్నొకటి తాకకుండా అనంతంగా పడితే కనీసం 1, ర్యాంకు 1 ముక్కలు అలా పడితే కనీసం 2, అలా పైకి; ఎక్కడా ఆగకపోతే ‘అనంతం’. ఇక్కడ చెప్పేదంతా కౌంటబుల్ భాషలో ఉన్న కంప్లీట్ థియరీల (ప్రతి వాక్యమూ నిజమో అబద్ధమో తేల్చే వాక్యాల గుంపుల) గురించి; మోడల్ అంటే ఆ వాక్యాలన్నీ నిజమయ్యే స్ట్రక్చర్. ర్యాంకు తేడా కొట్టినప్పుడు చాలామంది డెఫినిషన్ మళ్లీ మొదటినుంచి చదువుతారు, నా లెక్కలో అది టైం వేస్ట్. తప్పు ఎక్కువగా ఈ కింది చోట్లే దొరుకుతుంది.

సమస్య: నాకు ర్యాంకు 1 వచ్చింది, అసలు జవాబు 2.

ఒక ఈక్వివలెన్స్ రిలేషన్ తీసుకోండి. ఒక మూలకం ఉన్న క్లాసు ఒకటి, రెండున్నది ఒకటి, మూడున్నది ఒకటి, అలా ప్రతి సైజుకీ ఒక్కో క్లాసు, అంతకుమించి ఏమీ లేదు. ఇందులో పారామీటర్లు (ఫార్ములాలో పెట్టే నిర్దిష్ట మూలకాలు) ఎన్ని పెట్టి ఏ సెట్టు డిఫైన్ చేసినా అదైనా ఫైనైట్, లేదంటే బయట మిగిలిందైనా ఫైనైట్. కాబట్టి ర్యాంకు 1, పని అయిపోయింది అనిపిస్తుంది.

కారణం: మోర్లీ ర్యాంకు మీ చేతిలో ఉన్న మోడల్‌ది కాదు, థియరీది. కాంపాక్ట్‌నెస్ (ప్రతి ఫైనైట్ భాగానికీ మోడల్ ఉంటే మొత్తానికీ ఉంటుందన్న సిద్ధాంతం) పుణ్యమా అని ఎలిమెంటరీ ఎక్స్‌టెన్షన్లలో (అవే ఫార్ములాలు నిలిచే పెద్ద మోడళ్లలో) అనంతమైన క్లాసులు పుట్టుకొస్తాయి. శాచురేటెడ్ మోడల్లో (ఉండగలిగే టైపులన్నీ, అంటే మూలకాల పూర్తి వర్ణనలన్నీ, నిజంగా దొరికే మోడల్లో) అలాంటివి అనంతంగా ఉంటాయి, ఒక్కోదాని ర్యాంకు 1, ఒకదాన్నొకటి తాకవు, అందుకే మొత్తం ర్యాంకు 2కి ఎక్కుతుంది.

పరిష్కారం: విడివిడి ముక్కలు అనంతంగా ఉన్నాయా అన్న ప్రశ్నని కనీసం ఒమేగా-శాచురేటెడ్ మోడల్లో (ఫైనైట్‌గా పారామీటర్లు పెట్టిన టైపులన్నీ దొరికేదాంట్లో) అడగండి, అంతకన్నా చిన్నదాంట్లో వద్దు. సహజ సంఖ్యలు, వాటి మధ్య చిన్నా పెద్దా క్రమం తీసుకుంటే ఇదే రోగం ఇంకా ముదురుతుంది, అక్కడా డిఫైనబుల్ సెట్లన్నీ ఫైనైట్ లేదా కోఫైనైట్ గానే కనిపిస్తాయి, కానీ ఆ థియరీ అసలు స్టేబులే కాదు (స్టేబుల్ అంటే ఏ ఫార్ములాతోనూ అనంతమైన క్రమాన్ని కట్టలేకపోవడం).

సమస్య: ర్యాంకు ‘అనంతం’ అని వచ్చింది, అంటే అన్‌స్టేబుల్ కదా?

కాదు. అందరూ పడే గుంట ఇదే. పూర్ణ సంఖ్యలు, కూడిక మాత్రమే తీసుకోండి. సరి, బేసి అని రెండు ముక్కలు, ఒక్కోటీ 4తో భాగిస్తే మళ్లీ రెండు, 8తో మళ్లీ రెండు, ఈ చెట్టు ఎక్కడా ఆగదు. ప్రతి కొమ్మ చివరా ఒక టైపు ఉంటుంది కాబట్టి 1 అన్న ఒక్క పారామీటరుతోనే టైపులు కంటిన్యువమ్ అన్ని వచ్చేస్తాయి, ఒమేగా-స్టేబుల్ (కౌంటబుల్ పారామీటర్ల మీద టైపులూ కౌంటబులే) అన్న మాట అక్కడితో సరి. అయినా ఇది సూపర్‌స్టేబుల్, లాస్కర్ యు-ర్యాంకు (టైపు వరసగా ఎన్నిసార్లు ఫోర్క్ అవగలదో, అంటే కొత్త పారామీటర్ల వల్ల నిజంగా కుదించుకుపోగలదో లెక్కించేది) 1 మాత్రమే.

కారణం: మోర్లీ ర్యాంకు అనంతం అయితే తేలేది ఒమేగా-స్టేబుల్ కాదన్న ఒక్క ముక్కే.

పరిష్కారం: ముందు స్టేబులా కాదా తేల్చండి. అది ఫార్ములా ఫార్ములాకీ చూసే పని, ఏ ఫార్ములాకైనా ఆర్డర్ ప్రాపర్టీ (అనంతమైన క్రమాన్ని కట్టగల శక్తి) ఉంటే అన్‌స్టేబుల్, అక్కడే ఆగిపోండి. లేదని తేలాకే యు-ర్యాంకు దగ్గరికి వెళ్లండి, ప్రతి టైపుకీ అది ఆర్డినల్ అయితే సూపర్‌స్టేబుల్. టైపులు లెక్కపెట్టి కూడా సరిచూసుకోవచ్చు (ఒక కార్డినల్ దగ్గర స్టేబుల్ అంటే అన్ని పారామీటర్ల మీద అంతకు మించి టైపులు లేకపోవడం): ఒమేగా-స్టేబుల్ థియరీ ప్రతి అనంత కార్డినల్ దగ్గరా స్టేబుల్, సూపర్‌స్టేబుల్ అయితే కంటిన్యువమ్ నుంచి పైన అన్నిచోట్లా స్టేబుల్, మామూలు స్టేబుల్‌కి ఒమేగా పవర్‌కి ఎత్తినా మారని కార్డినల్సే గ్యారంటీ, అన్‌స్టేబుల్‌కి ఒక్కటీ లేదు.

సమస్య: ఫోర్కింగ్‌తో కట్టిన ర్యాంకు 1 వచ్చింది, అయినా టైపులు పేలిపోతున్నాయి.

మీ చేతిలో ఉన్నది ర్యాండమ్ గ్రాఫో (ఏ రెండు విడివిడి ఫైనైట్ శీర్షాల గుంపులు తీసుకున్నా, మొదటిదానిలో అన్నింటితో కలిసి రెండోదానిలో దేనితోనూ కలవని శీర్షం ఉండే గ్రాఫు), దాని బంధువో అయ్యుంటుంది. అక్కడ అనంతమైన ఏ శీర్షాల సెట్టు తీసుకున్నా, దాని ప్రతి ఉపసమితికీ ఒక టైపు ఉంటుంది. థియరీ సింపుల్ (ఫోర్కింగ్ ఇంకా బుద్ధిగా నడిచే, స్టేబుల్ కన్నా పెద్ద తరగతి), యు-ర్యాంకుకి అక్కడి రూపమైన ఎస్‌యు-ర్యాంకు 1, కానీ స్టేబుల్ కాదు. పైన చెప్పిన ఆర్డర్ ప్రాపర్టీ ముందు చూడకుండా సరాసరి ర్యాంకుకి దూకితే ఇలాగే అవుతుంది.

సమస్య: భాషలో క్రమం గుర్తే లేదు, అయినా అన్‌స్టేబుల్ అంటున్నారు.

వాస్తవ సంఖ్యల ఫీల్డులో తేడా సున్నా కాని వర్గం అయితే చాలు, పెద్దా చిన్నా వచ్చేసింది. గుర్తు లేకపోయినా ఫార్ములా ఉంది. సంకీర్ణ సంఖ్యల ఫీల్డు ఒంటరిగా ఉంటే ర్యాంకు 1, బుద్ధిగా ఉంటుంది, కాంజుగేషన్ ఫంక్షన్ చేర్చారా, స్థిరంగా ఉండే మూలకాలుగా వాస్తవ సంఖ్యలు దిగుతాయి, స్టెబిలిటీ పోతుంది. ఫీల్డుల వరకు ఒక షార్ట్‌కట్: ఒమేగా-స్టేబుల్ అయిన అనంత ఫీల్డు ఆల్జీబ్రాయికల్లీ క్లోజ్డ్ (స్థిరాంకం కాని ప్రతి పాలినామియల్‌కీ అందులోనే మూలం ఉండేది) అయి తీరాలని మెకింటైర్ 1971లో నిరూపించాడు, అది కాని ఫీల్డుకి ఆ ర్యాంకు కోసం కూర్చోవద్దు.

సమస్య: ర్యాంకు ఒమేగా వచ్చింది.

డిఫరెన్షియల్లీ క్లోజ్డ్ ఫీల్డు (డెరివేటివ్ ఉన్న ఫీల్డు, పరిష్కారం ఉండగల అవకలన సమీకరణాలకి అందులోనే పరిష్కారం ఉండేది), క్యారెక్టరిస్టిక్ 0 అయితే టెన్షన్ వద్దు. డెరివేటివ్‌ని మూడుసార్లు వేస్తే సున్నా వచ్చే మూలకాల ర్యాంకు 3, పదిసార్లు అయితే 10, ఇలా ఎంత వరకైనా పోతుంది కాబట్టి మొత్తానికి ఒమేగా. అది ఆర్డినలే, ‘అనంతం’ గుర్తు కాదు, థియరీ ఒమేగా-స్టేబులే, మీ లెక్కలో మార్చాల్సిందేమీ లేదు.