అరిగిన పాత నాణేన్ని గుర్తుపట్టడం: ముందు కాటా, ఆఖర్న అక్షరం

పెన్నా ఒడ్డున పొలం దున్నేటప్పుడో, కొత్తపట్నం వైపు ఇసుక నేలలో పునాది తీసేటప్పుడో దొరికే పాత నాణేల్లో అక్షరాలు చదవడానికి వీలుండేవి తక్కువ. అందుకే ముందు లోహం, తర్వాత బరువు, బొమ్మ, ఆఖర్న అక్షరం చూడాలి.

చింతపండు, నిమ్మకాయ జోలికి అసలు పోవద్దు. అరిగిన రాగి నాణెం మీద మిగిలిన బొమ్మ చాలాసార్లు చిలుము పొరలోనే ఉంటుంది. బిందె తోమినట్టు తోమితే చిలుముతోపాటే బొమ్మా పోతుంది. మెత్తటి పొడి బ్రష్షుతో మట్టి రాల్చండి, సందుల్లో ఇరుక్కున్నది వెదురు పుల్లతో తీయండి. అంతకు మించి వద్దు. గీటురాయి మీద గీయనివ్వకండి.

లోహం తేల్చడానికి 0.01 గ్రాము చూపే కాటా కావాలి. ముందు నాణేన్ని పొడిగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నటి దారంతో పూర్తిగా మునిగేలా, అడుగుకు, అంచుకు తగలకుండా వేలాడదీయండి. పొడి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే లోహం నీళ్లకన్నా ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. 4.20 గ్రాముల నాణేనికి 0.38 వస్తే ఫలితం 11.05, అంటే సీసం. 0.48 వస్తే 8.75, రాగి కావచ్చు. నాణేనికి బుడగలు అంటుకున్నా, మట్టి మిగిలినా లెక్క తగ్గుతుంది. నీళ్లలో ఒక చుక్క లిక్విడ్ సోపు వేస్తే బుడగలు పట్టవు. 2 గ్రాముల లోపు నాణేనికి ఈ లెక్కను నమ్మొద్దు.

బొమ్మ కోసం గది చీకటి చేసి, ఫోను టార్చిని దాదాపు నాణెం ఎత్తులోనే పక్కనుంచి వేయండి. లైటు కదపకుండా నాణేన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఫోటోలు తీయండి. పైనుంచి చూస్తే నున్నగా ఉన్నచోట నీడలు లేస్తాయి. సీసపు నాణెం బొరుసు వైపు నాలుగు మూలలా నాలుగు బుడిపెలు, మధ్యలో కూడలి గీత కనిపిస్తే అది ఉజ్జయిని గుర్తు, శాతవాహనులది. రెండో వైపు ఏనుగైతే పొట్ట దగ్గరి ఉబ్బు ఆఖరిదాకా మిగులుతుంది, తొండం ముందే అరుగుతుంది. దోనె లాంటి వంపు మీద రెండు నిలువు గీతలుంటే అది రెండు తెరచాపల ఓడ, కోస్తాలో దొరికే శాతవాహన రకం. ముద్ర పక్కకు జరిగి పడటం వల్ల అంచు అక్షరాలు సగం నాణెం బయటే ఉండిపోతాయి. ‘సిరి’ (శ్రీ), ‘సాతకణి’ (శాతకర్ణి) ముక్కల్లో ఒకటి దొరికినా అదృష్టమే.

అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని పారేయకండి. సింహం బొమ్మ ఉన్న విష్ణుకుండిన రాజుల నాణేల్లో కొన్నిటికి ఇనుప గుండె మీద రాగి పూత ఉంటుంది. చక్కటి గుండ్రంగా, సుమారు 9 గ్రాములుంటే 1808 నాటి ఈస్టిండియా కంపెనీ వారి 20 కాసుల నాణెమేమో చూడండి. ఇంగ్లీషు ‘వీ’ అక్షరం కొమ్మలకు ‘ఓ’, ‘సీ’ తగిలించి ఉంటే డచ్చి కంపెనీ వాళ్లది.

బంగారానికి ఈ తంటా లేదు, చిలుము పట్టదు. 1786లో నెల్లూరు దగ్గర నాగలికి తగిలిన రోమన్ కుండలో ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల ముఖాలు స్పష్టంగానే ఉన్నాయి. అలాంటి కుండ దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం (ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

దాచేటప్పుడు సీసాన్ని చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో పెట్టొద్దు. వాటి ఆమ్లపు ఆవిరికి తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఆ పొడి విషం, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. రాగి మీద లేత పచ్చ పొడి కొత్తగా లేస్తుంటే ఉప్పు లోపల పనిచేస్తోందని అర్థం. సముద్రం పక్క మట్టిలో దొరికినవాటికి ఇది మామూలే. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, సిలికా జెల్ పొట్లాంతో మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి.