జపాన్‌లో చదువుకు వెళ్తున్నారా? మొదటి నెలలో ఈ పనులు చేసుకోండి

విశాఖ ఎంవీపీ కాలనీలో నా దగ్గర జపనీస్ నేర్చుకుని అక్కడి యూనివర్సిటీల్లో చేరబోతున్న పిల్లల కోసం, వాళ్ళ అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. నేను సెందాయ్‌లో పీజీ చదివాను. బయల్దేరేముందు అందరూ ఫీజు, భాష, చలి గురించే అడుగుతారు. తిండి, నిద్ర, స్నేహాల ఊసే ఎత్తరు. మొదటి నెలలో చూసుకోవాల్సింది మాత్రం ముందు అవే.

అక్కడ కాలేజీ ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆ రోజుల్లో సీనియర్లు క్యాంపస్ దారుల్లో నిలబడి తమ సర్కిల్‌లో చేరమని కాగితాలు పంచుతారు. టెన్నిస్, పాటలు, కొండలెక్కడం... ఇష్టాన్ని బట్టి విద్యార్థులే నడుపుకునే జట్లవి. సిగ్గుపడి పక్కకు తప్పుకోకండి, ఏదో ఒకదాంట్లో చేరండి. మన ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లోలా పక్కగదివాడు తలుపు తోసుకొచ్చి "తిన్నావారా?" అని అడగడు. చాలామంది ఒంటిగదుల్లో ఒక్కరే ఉంటారు. ప్రేమ లేక కాదు, ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని పలకరించరు. అదే సర్కిల్‌లో ఉంటే, మీరు ఒక వారం కనిపించకపోతే ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు. మాట్లాడే భాష కూడా అక్కడే వంటబడుతుంది. బుకాత్సు అనే క్లబ్బులు వేరు. వాటిలో ప్రాక్టీస్ చాలా గట్టిగా ఉంటుంది, మొదటి ఏడాది వద్దనే చెబుతాను.

ఏప్రిల్ చివర్లో గోల్డెన్ వీక్ సెలవులు మొదలవుతాయి. అవి అయ్యాక చాలామందికి పొద్దున్నే లేవబుద్ధి కాదు, క్లాసుకు వెళ్ళబుద్ధి కాదు. జపాన్ పిల్లలకే ఇది ఎంత మామూలంటే, దానికి గొగత్సుబ్యో, అంటే మే నెల జబ్బు, అని పేరు పెట్టుకున్నారు. కాబట్టి మీకొక్కరికే ఇలా అయిందని బెంగపడకండి. సెలవుల్లో ఎవరితో ఎక్కడికి వెళ్ళాలో ముందే అనుకోండి. ఆ దిగులు రెండు వారాలైనా వదలకపోతే యూనివర్సిటీలోనే ఉండే విద్యార్థుల కౌన్సెలింగ్ గదికి వెళ్ళండి. డబ్బులు తీసుకోరు. ఆ గది ఎక్కడుందో, ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు ఉన్నారో లేదో ఏప్రిల్‌లోనే కనుక్కోండి. మనసు బాగాలేనప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు. కొత్త ఏడాది మొదట్లో చేసే హెల్త్ చెకప్ కూడా మానొద్దు. జాతీయ ఆరోగ్య బీమా తీసుకుంటే డాక్టరు బిల్లులో మీరు కట్టాల్సింది 30 శాతమే.

తిండి విషయానికొస్తే, చాలా యూనివర్సిటీల క్యాంటీన్లలో 100 యెన్‌లకే పొద్దుటి టిఫిన్ దొరికే ఏర్పాటు ఉంటుంది. దానికోసమైనా మంచం దిగుతారు! శాకాహారులు మాత్రం జాగ్రత్త, మిసో సూప్‌లో కూడా సాధారణంగా ఎండుచేపతో కాచిన నీళ్ళే పోస్తారు. ఇక్కడి ఎలక్ట్రిక్ కుక్కరు, మిక్సీ మోసుకెళ్ళకండి. మనది 230 వోల్టుల కరెంటు, అక్కడ 100 వోల్టులే. కుక్కరు అక్కడే కొనుక్కుంటే చాలు.

పార్ట్‌టైమ్ పనికి అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు చేయొచ్చు, పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటలు. రాత్రి 10 దాటాక జీతం కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని చట్టం ఉంది. ఆ ఆశతోనే మనవాళ్ళు నైట్ షిఫ్టులు పట్టుకుని, పొద్దున 90 నిమిషాల క్లాసులో కునికిపాట్లు పడతారు. దయచేసి ఆ పని చేయకండి. నిద్ర లేకపోతే చదువూ పోతుంది, ఆరోగ్యమూ పోతుంది.

అమ్మానాన్నలకు ఒక మాట. జపాన్ టైము మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మీరు భోంచేసి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే పిల్లలకు అర్ధరాత్రి ఒంటిగంట. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య చేయండి. ఏం తిన్నావని అడిగాక ఎవరితో తిన్నావని కూడా అడగండి. వారాల తరబడి "ఒక్కణ్ణే" అన్న జవాబే వస్తుంటే, కోప్పడకుండా ఆ కౌన్సెలింగ్ గది సంగతి గుర్తుచేయండి.