అనుమానాస్పద మృతి నేపథ్యంగా నవలా రచన - మూడో పాఠం: చనిపోయిన మనిషి రాసిన ఉత్తరం

ఇంటి ఖర్చుల లెక్క పైసాతో సహా అడగడం, పుట్టింటి ప్రయాణాన్ని ఏదో ఒక వంకతో వాయిదా వేయించడం వంటి చిన్న పనుల ద్వారా దాంపత్యంలోని పీడనను చూపడం గత పాఠంలో సాధన చేశాం. భార్య మరణించాక మిగిలే ఆధారాన్ని ఆత్మహత్యకూ హత్యకూ సమానంగా సరిపోయేలా రాయడం ఈ పాఠంలో నేర్చుకోవాలి.

ఇందుకు 1984 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన శరద్ బిర్ధిచంద్ శార్దా కేసును శ్రద్ధగా చదవమంటాను. 1982 ఫిబ్రవరిలో పెళ్లయి పుణెలో కాపురానికి వచ్చిన ఒక యువతి జూన్ 11 రాత్రి గడిచి తెల్లవారేసరికి పొటాషియం సయనైడ్ వల్ల మరణించి ఉంది. భర్త రసాయన ఇంజనీరు. ఆమె తన సోదరికీ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాలు కోర్టుకు వచ్చాయి. కింది కోర్టు విధించిన మరణశిక్షను బొంబాయి హైకోర్టు ఖరారు చేసింది. సుప్రీంకోర్టు మాత్రం ఆమె మనఃస్థితిని బట్టి ఆత్మహత్యకు అవకాశం లేదని చెప్పలేమని భావించి భర్తను విడిచిపెట్టింది. ప్రాసిక్యూషన్‌కు భర్త క్రూరత్వంగా కనిపించిన వాక్యాల్లోనే న్యాయమూర్తులకు ఆమె నిరాశ కనిపించింది. మన రచనకు కావలసిన పట్టు అక్కడే ఉంది.

మరణం ఎదురుగా ఉందని తెలిసి చెప్పిన మాటలే మరణ వాంగ్మూలమవుతాయన్న ఆంగ్ల న్యాయ నియమం మన దేశంలో వర్తించదు. పిఠాపురం మనిషి ఒకడు బాకీ వసూలుకు బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయలుదేరగా, 1937లో అతని శవం పూరీలో ఒక ట్రంకుపెట్టెలో దొరికింది. ఆ మాటలు సాక్ష్యంగా చెల్లుతాయని 1939లో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు, తేల్చింది. కాబట్టి మీ కథానాయిక చావు గురించి ఒక్క ముక్క రాయకపోయినా ఆమె ఉత్తరం కోర్టు గడప తొక్కగలదు.

ఇక నమూనా చూడండి.

"అక్కా, శ్రావణ శుక్రవారానికి నేను రాకపోయినా నా పట్టుచీర ఎండలో వేసి మడతపెట్టు. ఆయన ఈమధ్య చాలా నెమ్మదిగా ఉంటున్నారు. మందుల బీరువా తాళం మాత్రం ఆయన దగ్గరే ఉంటోంది."

మొదట మూడో వాక్యం స్థానంలో "రాత్రి పాలు ఆయనే కలిపి ఇస్తున్నారు" అన్న మాట పెట్టవచ్చుననిపిస్తుంది గాని, థ్రిల్లర్లు నాలుగు చదివిన పాఠకుడెవరైనా అక్కడే విషాన్ని పసిగట్టేస్తాడు. తాళం సంగతి వేరు. భార్య ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని భయపడిన భర్త అయినా తాళం దాచిపెడతాడు, లోపల ఏముందో ఆమె చూడకూడదనుకున్నవాడైనా దాచిపెడతాడు. చీర మాట కూడా అంతే: వైరాగ్యంతో రాసిందనుకోవచ్చు, పంపించరని ముందే తెలిసి రాసిందనుకోవచ్చు.

ఉత్తరం బయటపడే ఘట్టానికి శవపంచనామా అనువైన చోటు. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అనుమానాస్పదంగా మరణిస్తే పంచనామా పోలీసులకే పరిమితం కాక కార్యనిర్వాహక మేజిస్ట్రేటు, అంటే మన వాడుకలో తహసీల్దారో ఆర్డీవోనో, ముందుకు వెళ్తుంది గనుక, పుట్టింటివారూ అత్తింటివారూ ఒకే వరండాలో ఎదురెదురుగా కూర్చోక తప్పదు. అక్క ఉత్తరాన్ని వెంటనే ఇవ్వకుండా రెండు రోజులు తన దగ్గరే ఎందుకు ఉంచుకుందన్న ప్రశ్న అధికారి నోట రానివ్వండి. అనుమానం ఆమెపైకి కూడా కాస్త పాకుతుంది.

అభ్యాసం: నూట ఇరవై మాటలకు మించకుండా ఒక ఉత్తరం రాయండి. అందులో చావు, భయం, విషం అన్న మాటలు రాకూడదు. ఆమెది ఆత్మహత్య అని ఒకరికీ, హత్య అని మరొకరికీ చెప్పి చదివించి, తమకు రుజువుగా తోచిన వాక్యం కింద గీత గీయమనండి. ఇద్దరూ ఒకే వాక్యం కింద గీస్తే దాన్ని అలాగే ఉంచి, మిగిలిన వాక్యాలను దాని చుట్టూ తిరగరాయండి.