రక్తం ఇచ్చాక హెపటైటిస్ బి రియాక్టివ్ అని ఫోన్ వస్తే ఏం చేయాలి

బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ చేసి మీ శాంపిల్ హెపటైటిస్ బి రియాక్టివ్ వచ్చింది ఒకసారి రండి అంటే, అది లివర్‌కి సోకే వైరస్ కాబట్టి కొంతమంది రాత్రంతా లివర్ క్యాన్సర్ గురించి వెతుక్కుంటూ కూర్చుంటారు, ఇంకొంతమంది అసలు ఫోనే రానట్టు ఉండిపోతారు. రెండూ వద్దు, వెళ్లి రిపోర్టు తీసుకోండి.

రియాక్టివ్ అన్నంత మాత్రాన జబ్బు ఖాయం అయినట్టు కాదు. ఇంకొకరికి ఎక్కించే రక్తం కాబట్టి ఆ స్క్రీనింగ్ టెస్టు కావాలనే బాగా సెన్సిటివ్‌గా ఉంటుంది, కాస్త అనుమానం వచ్చినా బ్యాగ్ పక్కన పడేస్తారు, అందుకే ఏమీ లేనివాళ్లకి కూడా ఒక్కోసారి అలా వస్తుంది. టీకా వేయించుకున్న కొద్దిరోజులకే రక్తం ఇచ్చినా టీకాలోని ప్రోటీనే టెస్టులో పడొచ్చు, ఆ సంగతి ముందే చెప్పేయండి. కొత్త శాంపిల్ ఇచ్చి కన్ఫర్మ్ చేయించుకోవాలి.

ఈసారి మాత్రం ఒక్క టెస్టుతో సరిపెట్టుకోకుండా ఈ మూడూ కలిపి చేయమనండి. హెచ్‌బీఎస్‌ఏజీ అంటే వైరస్ పైపొర మీది ప్రోటీన్, అది పాజిటివ్ అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉంది. యాంటీ హెచ్‌బీఎస్ అంటే ఆ ప్రోటీన్‌కి ఎదురుగా ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ, అది 10 యూనిట్లు (mIU/mL), అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ ఉన్నట్టు. యాంటీ హెచ్‌బీసీ అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ నిజంగానే ఒంట్లోకి వచ్చిందని, టీకా వల్ల ఇది రాదు. కాబట్టి యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే ఉంటే టీకా పనిచేసింది, దాంతోపాటు యాంటీ హెచ్‌బీసీ కూడా ఉండి హెచ్‌బీఎస్‌ఏజీ లేకపోతే జబ్బు వచ్చి తగ్గిపోయింది. అలా తగ్గినవాళ్లు కూడా రేపెప్పుడైనా ఇమ్యూనిటీ తగ్గించే మందులు, కీమో లాంటివి మొదలుపెట్టాల్సి వస్తే ఈ రిపోర్టు డాక్టర్‌కి చూపించాలి, లివర్‌లో మిగిలిన వైరస్ మళ్లీ లేవొచ్చు.

హెచ్‌బీఎస్‌ఏజీ కన్ఫర్మ్ అయితే అది కొత్తగా వచ్చిందా పాతదా అన్నది యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు కనిపించే యాంటీబాడీ) చూసి, 6 నెలల తర్వాత మళ్లీ టెస్టు చేసి తేలుస్తారు. పెద్దయ్యాక సోకితే 100 మందిలో దాదాపు 95 మందికి దానంతట అదే పోతుంది, పుట్టినప్పుడు తల్లి నుంచి వస్తే ఎక్కువగా ఉండిపోతుంది. 6 నెలలు దాటినా ఉంటే దీర్ఘకాలికం అంటారు, అప్పుడు వైరస్ డీఎన్ఏ, ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), లివర్ స్కాన్ చూసి మందులు కావాలో లేదో డాక్టర్ చెప్తారు, అందరికీ వెంటనే మందులు అక్కర్లేదు. ఇంట్లోవాళ్లందరికీ టెస్టు చేయించి, వైరస్ గానీ రక్షణ గానీ లేనివాళ్లకి టీకా వేయించండి. కలిసి తింటే, పట్టుకుంటే అంటుకోదు, కంచాలు గ్లాసులు వేరు పెట్టే గొడవ వద్దు, రేజర్ టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లవే.

ఇక టెస్టు నెగెటివ్ వచ్చిన రక్తమంతా సేఫ్ అనుకుంటారు, అక్కడే చిక్కు. వైరస్ సోకిన మొదటి వారాల్లో హెచ్‌బీఎస్‌ఏజీ కనపడదు, దీన్నే విండో పీరియడ్ అంటారు, వైరస్ డీఎన్ఏనే నేరుగా వెతికే న్యాట్ టెస్టు దాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయలేదు. హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ ఉండి డీఎన్ఏ కొంచెం ఉండే ఆకల్ట్ రకం ఇంకొకటి. బ్యాగ్ ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన ఈ వైరస్ చావదు, పైగా ఒకరి రక్తం నుంచి తీసిన ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వేరువేరు పేషెంట్లకి వెళ్తాయి. అందుకని ఫారంలో టాటూ, ఇంజెక్షన్లు, కొత్త పార్ట్‌నర్ అని అడిగితే సిగ్గుపడి నో కొట్టకండి, టెస్టుకి దొరకనిది ఆ జవాబుకే దొరుకుతుంది. ఫ్రీగా టెస్టు అయిపోతుంది కదా అని రక్తం ఇవ్వడం అయితే అస్సలు వద్దు, డౌట్ ఉంటే నేరుగా ల్యాబ్‌కి వెళ్లండి. ఇచ్చి ఇంటికొచ్చాక ఏదైనా గుర్తొచ్చినా సరే వెంటనే బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి నా యూనిట్ వాడకండి అని చెప్పొచ్చు, బ్యాగ్ ఇంకా బయటికి వెళ్లకపోతే ఆపేస్తారు.