చెన్నై చెమటకు జారకుండా ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) గ్రిప్పులు మార్చడం

ఎండలో నిలబెట్టిన సైకిల్ హ్యాండిల్ పట్టుకోగానే అరచేతికి నల్లటి జిగట అంటుకుంటోందంటే గ్రిప్పులకు కాలం చెల్లినట్టే. మెత్తటి రబ్బరుకి ఎండ, చెమట, చేతులకు రాసుకున్న సన్‌స్క్రీన్ మూడూ పడవు. చెన్నైలో ఆ మూడింటికీ ఏ నెలలోనూ కొరత లేదు. జిగట లేకపోయినా, ఎత్తు ఎక్కేటప్పుడు గ్రిప్పు పైపు మీద గిర్రున తిరుగుతున్నా, కొస చిరిగి పైపు అంచు బయటపడ్డా మార్చాల్సిందే. తిరిగే గ్రిప్పుతో ఎలాగోలా లాగించేద్దామనుకుంటే, ముందు చక్రం గుంతలో పడ్డ క్షణంలోనే చెయ్యి జారుతుంది.

ముందు మీది ఏ రకమో చూడండి. గ్రిప్పు కొసన లోహపు రింగు, దానికి చిన్న అలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది) కనిపిస్తే అది లాక్‌ఆన్. రింగు ఒకవైపే ఉండొచ్చు, రెండువైపులా ఉండొచ్చు. రింగూ బోల్టూ లేకుండా మొత్తం రబ్బరో, ఫోమో, సిలికానో అయితే స్లిప్‌ఆన్. అంటే కేవలం బిగువు మీద నిలబడే తొడుగు.

కొనే ముందు రెండు కొలతలు తీసుకోండి. ఎమ్‌టీబీ హ్యాండిల్‌కి గ్రిప్పు కూర్చునే చోట పైపు బయటి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు. మధ్యలో స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి బిగించే ముక్క) పట్టుకునే చోట 25.4, 31.8, 35 ఇలా ఏదైనా ఉండొచ్చు, దానితో మనకు పని లేదు. రెండోది పొడవు. మామూలు గ్రిప్పు 130 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కానీ పిడి తిప్పితే గేరు మారే రకం సైకిళ్లలో గేరు ఉన్న వైపు పొట్టి గ్రిప్పు ఉంటుంది, సుమారు 90. ఇది చూసుకోకుండా చెన్నై ప్యారీస్ కార్నర్ బజారు దాకా వెళ్లి జత పొడుగువి కొనుక్కొచ్చేవాళ్లు బోలెడుమంది. స్లిప్‌ఆన్ అయితే లోపలి కొసన పదునైన కత్తితో కోసి సరిపెట్టుకోవచ్చు. లాక్‌ఆన్‌కి ఆ వీలు లేదు.

కావలసినవి: 2.5, 3, 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు, సూది లేని 5 ఎమ్ఎల్ సిరంజి, ఐస్‌క్రీం పుల్ల లేదా మొన అరగదీసిన వెదురు పుల్ల, పాత బనీను గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ చివరిది చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్ముతారు. మందుల షాపు సర్జికల్ స్పిరిట్ కూడా పనికొస్తుంది గానీ సీసా మీద చదవండి, కొన్నింట్లో ఆముదం కలుపుతారు. ఆముదం ఉన్నది వద్దు.

ఎందుకు వద్దో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఈ పనిలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పైపు మీద రబ్బరు ఎక్కాలంటే మధ్యలో ఏదో ఒక తడి కావాలి. ఎక్కాక ఆ తడి ఆనవాలు లేకుండా ఎగిరిపోవాలి. స్పిరిట్ అలాగే ఎగిరిపోతుంది. కొబ్బరి నూనె, గ్రీజు, డబ్ల్యూడీ-40 ఎగిరిపోవు, పొరలా ఉండిపోతాయి, నూనెకి రబ్బరు ఉబ్బుతుంది కూడా. సబ్బు నీళ్లతో తేలిగ్గా ఎక్కుతుంది, ఆరాక గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ సబ్బు లోపలే మిగిలి ఉంటుంది కాబట్టి మొదటి వానకి మళ్లీ నురగై జారుతుంది. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, అదీ అంతే. హెయిర్ స్ప్రే ఆరాక జిగురులా పట్టుకుంటుందని కొందరు వాడతారు. అది పనిచేసే మాట నిజమే, అయితే నీళ్లకి మెత్తబడే జిగురు అది. ఐప్పసి, కార్తీక మాసాల (తమిళ నెలలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానలు చూసిన ఊళ్లో స్పిరిట్‌కే మా ఓటు.

లాక్‌ఆన్ తీయడం రెండు నిమిషాల పని. పైపు కొసన ఉన్న ప్లగ్గు ఊడదీసి, బోల్టు తలలోని మట్టిని గుండుసూదితో గీకండి. మట్టి ఉండగా కీ సగమే దిగుతుంది, తిప్పగానే తల గుండ్రంగా అరిగిపోతుంది. ఉప్పు చెమటకి తుప్పు పట్టి కదలకపోతే ఒక్క చుక్క తుప్పు వదిలించే నూనె వేసి పావుగంట ఆగండి. బోల్టు పూర్తిగా తీసెయ్యక్కర్లేదు, ఒకటి రెండు చుట్లు వదులు చేసి మెలిపెడుతూ లాగితే వచ్చేస్తుంది.

స్లిప్‌ఆన్‌కి ఓపిక కావాలి. బ్రేక్ లివరు వైపు అంచు కింద పుల్లని పైపుకి ఆనించి మెల్లగా మూడు నాలుగు సెంటీమీటర్లు దూర్చండి. పుల్ల పక్కన ఏర్పడిన సందులోకి సిరంజితో ఒకటి రెండు ఎమ్ఎల్ స్పిరిట్ వదిలి, పుల్ల తీసి గ్రిప్పుని రెండువైపులా మెలిపెట్టండి. లోపల చప్పుడు మారుతుంది, బిగుసుకున్న కిర్రు పోయి తడి జర్రు వినిపిస్తుంది. అప్పుడు కొస వైపు నుంచి కూడా అలాగే చేసి, తిప్పుతూ లాగండి. స్క్రూడ్రైవరు వాడితే అల్లాయ్ పైపు మీద గీత పడుతుంది. కార్బన్ హ్యాండిల్ దగ్గరికైతే స్క్రూడ్రైవరూ బ్లేడూ రెండూ రానివ్వకండి, అక్కడ గీతే పగులుకి మొదలు. కరిగి పైపుకి అతుక్కుపోయిన గ్రిప్పుని లోహపు పైపు మీద మాత్రం పొడుగునా కోసి ఒలిచెయ్యొచ్చు. కత్తిని ఏటవాలుగా, మీ ఒంటికి దూరంగా నడపండి.

పంక్చర్ కొట్టులో గాలి కంప్రెసరు ఉంటే అదీ ఒక దారి. కొసన రంధ్రం మూసి, లోపలి అంచు కింద నాజిల్ పెట్టి గాలి వదిలితే గ్రిప్పు పైపు మీద తేలుతుంది, చేత్తో తోసెయ్యొచ్చు. అడిగితే చాలామంది కాదనరు.

పాతది వచ్చాక పైపుని చూడకుండా కొత్తది ఎక్కించకండి. ఇనుప హ్యాండిల్ మీద తుప్పు, అల్లాయ్ మీద తెల్లటి పొడి కనిపిస్తాయి. ఈసీఆర్ (తీరం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వారం వారం సముద్రపు గాలిలో తిరిగే సైకిళ్లకు ఇది మామూలే. 400 నంబరు ఎమెరీ పేపరుతో తేలిగ్గా రుద్ది తుడిచేస్తే చాలు. కార్బన్‌కి మాత్రం గుడ్డే, ఎమెరీ వద్దు. గోరు తగిలేంత లోతైన గుంటలు గానీ, పాత లాక్‌ఆన్ రింగు కొరికిన గాడి గానీ ఉంటే గ్రిప్పు సంగతి పక్కన పెట్టి హ్యాండిలే మార్చండి. జిగురు మరకలకి నీలగిరి తైలం బాగా పనిచేస్తుంది. తైలం తర్వాత స్పిరిట్ గుడ్డతో రెండుసార్లు తుడవాలి, లేకపోతే ఆ తైలమే నూనె పొర అవుతుంది. డిస్క్ బ్రేకులుంటే ఇవేవీ రోటరు (బ్రేకు పట్టే లోహపు పళ్లెం) మీద చిందకుండా చూసుకోండి.

బ్రేక్, గేర్ లివర్లని జరపాల్సి వస్తే ముందు పైపు మీద మార్కరుతో గుర్తు పెట్టుకోండి.

కొత్త స్లిప్‌ఆన్ ఎక్కించేటప్పుడు ఒక కొసని బొటనవేలితో మూసి, లోపల రెండు మూడు ఎమ్ఎల్ స్పిరిట్ పోసి కుదపండి. మిగిలింది రెండో గ్రిప్పులోకి ఒంపేసుకోవచ్చు. పైపుకి కూడా తడి గుడ్డ రాసి, కొసన అరచేయి పెట్టి ఒకే ఊపున తోసెయ్యండి. మధ్యలో ఆగితే స్పిరిట్ ఆరిపోయి సగంలో బిగుసుకుంటుంది. అప్పుడు బలవంతం చెయ్యకుండా మళ్లీ పుల్ల, సిరంజి పని మొదలుపెట్టాలి. లోపలి అంచు పట్టుకుని లాగకండి, చిరుగుతుంది. గీతలు, డిజైను సరిగ్గా వచ్చాయో లేదో మొదటి అర నిమిషంలోనే సర్దుకోండి. తర్వాత ఒక రాత్రి కదపకుండా వదిలెయ్యండి, గాలి తగలని చోట తడి తొందరగా ఆరదు. వానాకాలంలో పూర్తిగా ఒక రోజు ఆగడం మంచిది.

లాక్‌ఆన్‌కి తడి అక్కర్లేదు. పొడి పైపు మీద కొస దాకా తోసి, బోల్టు తల కిందివైపు వచ్చేలా తిప్పుకోండి, అరచేతికి తగలదు. వెనక రెక్క ఉన్న గ్రిప్పులైతే సైకిల్ మీద కూర్చుని, మణికట్టు మడత పడకుండా రెక్క అరచేతికి ఆనేలా సర్దాకే బిగించండి. బిగింపు ఎంతో పెట్టె మీద ఉంటుంది, ఎక్కువగా 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు. టార్క్ కీ (బిగింపు కొలిచే కీ) లేకపోతే అలెన్ కీ పొడుగు కాడని బోల్టులో పెట్టి, పొట్టి కాడని రెండు వేళ్లతో తిప్పండి. వేళ్లు ఇక తిప్పలేమన్నప్పుడు ఆపండి. రింగు మెత్తటి అల్యూమినియం, బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. ఇంత బిగించినా తిరుగుతోందంటే పైపు మీద నూనె ఉన్నట్టు, విప్పి తుడవండి.

కొసన ప్లగ్గులు తప్పకుండా పెట్టాలి. పడినప్పుడు ప్లగ్గు లేని పైపు కొస పొట్టలో గుండ్రంగా కోత పెడుతుంది, ఊరికే భయపెట్టే మాట కాదిది. పిల్లల సైకిళ్లలో ముందు ఊడిపోయేదీ ఆ ప్లగ్గే.

తొక్కే ముందు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి, చేతులు కాస్త తడి చేసుకుని, మోటారు సైకిల్ యాక్సిలరేటరులా గ్రిప్పుల్ని రెండువైపులా గట్టిగా మెలిపెట్టండి. తర్వాత బయటికి లాగి చూడండి. వెంట్రుకవాసి కదిలినా రోడ్డెక్కకండి. హ్యాండిల్‌ని పూర్తిగా అటూ ఇటూ తిప్పి, కేబుళ్లు ఎక్కడా లాగడం లేదని, రెండు బ్రేకులూ పడుతున్నాయని చూసుకోండి. లాక్‌ఆన్ అయితే మొదటి సవారీ అయ్యాక బోల్టుల్ని ఇంకోసారి తడమండి, ఒక పావు చుట్టు వదులై ఉండొచ్చు.